మనోడి జీపు

నా జీపు పాతది. సాలూరు నుంచి కొండమీది బడులకెళ్ళే టీచర్లనీ, సంతకొచ్చే జనాన్నీ దాన్లోనే తిప్పేవాణ్ణి. రెండేళ్ళ కిందట స్టీరింగు వదులైపోయింది. పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదిలేవి కావు. గోతిలో పడితే బండంతా వణికిపోయేది.

మా అక్క మొగుడికి సాలూరులో మెకానిక్ షెడ్డు ఉంది. బావ బండి కిందకి దూరి చూసి, "కింగ్ పిన్ను బుష్షులు అరిగిపోనాయి, టై రాడ్ ఎండ్లు పోనాయి, కమాను కట్ట కూడా దిగిపోయి ఉన్నాది. సామాన్లు తే, ఏసేస్తాను" అన్నాడు. కింగ్ పిన్నంటే ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన నిలువు ఇరుసు, కమాను కట్టంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల దొంతర. టై రాడ్ ఎండ్లంటే ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ చివర్లలో ఉండే గుండ్రటి కీళ్ళు. అవి ఊడితే ఏ చక్రం దారి దానిదే. బస్సెక్కి విజయనగరం వెళ్ళి, నాలుగు షాపులు తిరిగి, అన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

మూడోరోజు బండి ఇచ్చాడు. బల్లమీద నేను తెచ్చిన సామాన్ల ఖాళీ డబ్బాలు చూపించాడు. కీళ్ళకి కొత్త రబ్బరు తొడుగులు, పైన నల్లరంగు. నడిపితే మాత్రం ఇంకా కాస్త వదులుగానే ఉంది.

"కొత్తయి కదరా, సర్దుకుంటాయి. ఏటి, నామీద నమ్మకం లేదా?" అన్నాడు.

కొత్త కీలు బిగుతుగా ఉంటుంది గానీ వదులుగా ఉండదు. అది నాకు తెలుసు. ఇంకెవరైనా వేసుంటే కిందకి దూరి ఒక్కో కీలూ కదిపి చూసేవాణ్ణి. బావ కదా అని సిగ్గుపడి ఊరుకున్నాను.

నెల తిరక్కుండానే, కొండమీది సంత నుంచి దిగుతుంటే ఘాటు రోడ్డు మలుపులో కింద టక్కుమంది. స్టీరింగు చేతిలో ఊరికే తిరిగింది. అదృష్టం, బండి లోయవైపు పోలేదు. కొండవైపు కాలవలోకి దిగి రాయికి కొట్టుకుంది. వెనక అనాసపళ్ళ బుట్టలతో కూర్చున్న ఇద్దరాడవాళ్ళకీ ఏమీ కాలేదు. ముందుసీట్లో మా అక్క ఉంది. పడిపోకుండా ఆపుకోడానికి కుడిచెయ్యి ముందుకి చాచింది. మణికట్టు విరిగింది.

బండి ఇంటికి లాగించి, చక్రాలు విప్పి చూశాను. తొడుగుల కింద ఉన్నవి నా పాత ఎండ్లే. కమాను కట్టలో పెద్ద పట్టీ చిట్లి ఉంది. ఊడిన కీలు పట్టుకుని షెడ్డుకెళ్ళాను.

బావ దానివంక చూళ్ళేదు. "ఆ రోజు కాంట్రాక్టరు బండొచ్చింది. ఆయన కుర్చీ ఏసుకోని కూకున్నాడు. నీ సామాన్లు దానికి సరిపోనాయి, ఏసేసినాను. నువ్వు మనోడివే కదా, నీది తరవాత ఏద్దారనుకున్నాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

స్పానరు తీసుకుని వేరే బండి కిందకి దూరిపోయాడు.

ఆసుపత్రిలో అక్క పిండికట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని అంది: "ఎవులికీ సెప్పకురా తమ్ముడూ. తెలిస్తే షెడ్డుకి ఎవులూ రారు. మేమెలా బతకాల?"

చెప్పలేదు. ఈలోగా బావ షెడ్డుకొచ్చినవాళ్ళతో, "బండి బాగానే ఉన్నాది, తోలినోడికి నిదానం లేదు" అనేశాడు. టీచర్లు ఇంకో జీపు మాట్లాడుకున్నారు.

మళ్ళీ సామాన్లు తెచ్చి నేనే వేసుకున్నాను. తుప్పుపట్టిన కింగ్ పిన్నులు వేడిచేసి కొడితే గానీ ఊడలేదు. దానికే రెండు రోజులు పట్టింది. బుష్షులు, ఎండ్లు, కమాను పట్టీ అన్నీ మార్చి, దారం కట్టి చక్రాల వరస సరిచేశాను.

బండి బాగుపడింది. అక్క చెయ్యి బాగుపళ్ళేదు. జాకెట్లు కుట్టే మనిషి, కత్తెర పట్టి గుడ్డ కోస్తుంటే మణికట్టు తిరగదు. మిషను అమ్మేసింది.

పోయిన నెల పెళ్ళికని బావా, అక్కా నా జీపెక్కారు. జనం ఉన్నారు. ఘాటులో బండి మెత్తగా మలుపు తిరిగింది. బావ పక్కాయనతో, "సూసినావా, స్టీరింగెలా తిరుగుతన్నాదో! నా పని అలాగుంటాది" అన్నాడు.

అద్దంలోంచి అక్క నావంకే చూస్తోంది. నేను గేరు మార్చాను.