కోడలి చేతికి ఇవ్వలేని అగ్గిపెట్టె

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక మందు పొడి డబ్బా పదకొండు రోజులు కూర్చుంది. పెద్దపేగు పరీక్షకు ముందు నీళ్ళలో కలుపుకుని తాగి కడుపు ఖాళీ చేసుకోవాల్సిన పొడి అది. డాక్టరు రాసింది మా ఆయనకు, తెచ్చింది నేను, రోజూ దాని మీద దుమ్ము తుడిచిందీ నేనే. ఆయన మాత్రం ఫ్రిజ్‌లోంచి మజ్జిగ గిన్నె తీసుకుంటూ కూడా దాని వంక చూడలేదు. పోయిన నెల ఖమ్మంలో మా కాలనీలో పెట్టిన క్యాంపులో మలపరీక్ష చేస్తే కంటికి కనపడని నెత్తురు పడుతున్నదని తేలింది. లోపలికి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తే గాని సంగతి తెలియదనీ, మొలలైతే పీడా పోయే, ఇంకోటైతే మొదట్లోనే పట్టుకోవచ్చనీ అన్నారు. అంతే, ఆ రోజు నుంచీ ఆయనకు ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది. ఒకసారి వైరాలో చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్, ఒకసారి మోకాలు నొప్పి, ఒకసారి అమావాస్య. అమావాస్యకూ పెద్దపేగుకూ ఏం చుట్టరికమో ఆయన్నే అడగాలి.

ఈ మనిషి ముప్పై ఏళ్ళకు పైగా బడిలో సైన్సు చెప్పాడంటే నమ్ముతారా? జీర్ణవ్యవస్థ పాఠం వస్తే నల్లబల్ల మీద నోటి దగ్గర మొదలుపెట్టి చిట్టచివరిదాకా ఏ భాగాన్నీ వదలకుండా రంగు సుద్దలతో బొమ్మ గీసి, పిల్లలందరి చేతా పేర్లు వల్లె వేయించేవాడు. ఇప్పుడు తనదాకా వచ్చేసరికి ఆ చివరి భాగానికి పేరే లేకుండా పోయింది. ఫోను చేసిన చుట్టాలందరికీ గ్యాస్ అని చెప్పాడు. పోనీ నొప్పికి భయమా అంటే, మత్తు ఇస్తారని ఆయనకూ తెలుసు. ఆ పరీక్ష చేసే గదిలో ఉండే సిస్టరు తన దగ్గర చదువుకున్న పిల్లట. ఆ పిల్ల ముందు ఎట్లా పడుకోవడమని సిగ్గు. ఒంటి మీద బట్ట కప్పే ఉంచుతారు మహానుభావా, నీ అందం చూడడానికి అక్కడెవరూ కూర్చోలేదు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. డెబ్బై రెండేళ్ళ మనిషి, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని పేపరు చదువుకున్నాడు.

నా కోపం నా ఈడు వాళ్ళకు అర్థమవుతుంది. నేను నర్సుగా చేరిన కొత్తలో భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యేచోట ఒక చిన్న సర్కారు దవాఖానాలో వేశారు. ఆరు మంచాలు, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను. చుట్టుపక్కల ఊళ్ళ రైతులూ, వాగవతల గూడేల్లోంచి తునికాకు కోసే వాళ్ళూ వచ్చేవాళ్ళు. జ్వరమూ దగ్గూ అయితే పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు, నడుము కిందికి దిగితే మాత్రం ఎవరికీ నోరు పెగిలేది కాదు. “చెంబట్క పోతే” అని, అంటే దొడ్డికి పోతే అని, మొదలుపెట్టి అక్కడే ఆగిపోయి గోడ కేసి చూసేవాళ్ళు. మా డాక్టరు కోస్తా నుంచి వచ్చిన చిన్నవయసాయన, ఎక్కడ నొప్పో చేత్తో చూపించమని ఒకసారి ఒక పెద్దరైతును గట్టిగా అడిగాడు. ఆ రైతు తన ఒంటి మీద చూపించుకోవడానికి సిగ్గుపడి, పక్కన నిలబడ్డ భార్యను భుజం పట్టి వెనక్కి తిప్పి, ఆమె నడుము కింద వేలు పెట్టి చూపించాడు. పాపం ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. ఆ నొప్పి ఎవరిదో కేసుషీటు మీద రాయడానికి మాకు పావుగంట పట్టింది.

మలపరీక్షకు ఇప్పటిలాగా మూత ఉన్న డబ్బాలు ఎక్కడివి ఆ రోజుల్లో? ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి తెమ్మనేవాళ్ళం. దాన్ని మోదుగాకులో చుట్టి, దాని మీద కాగితం చుట్టి, సంచీ అడుగున దాచి తెచ్చి, కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి తిరగకుండా పోయేవాళ్ళు. పేరు రాసుకోవాలి గదా, ఎవరిదమ్మా ఇది అని నేను కేకేస్తే వరండాలో ఉన్న పాతికమందీ ఒక్కసారే పైకప్పు కేసి చూసేవాళ్ళు.

అక్కడికి రెండు మైళ్ళ దూరంలోని ఊరికే నేను కోడలుగా వచ్చాక నా తిప్పలు రెట్టింపయ్యాయి. అంతవరకూ సిస్టరమ్మగా ఉన్నదాన్ని, తెల్లారేసరికి ఊళ్ళో సగంమందికి కోడలి వరస, మిగిలిన సగంమందికి మరదలి వరస అయిపోయాను. ఇక నా చేత పిరుదుకు సూది వేయించుకునే మగవాడు ఆ ఊళ్ళో లేకుండా పోయాడు. చేతికే వెయ్యమని మొండికేసి, వాచిన జబ్బలతో వారం రోజులు తిరిగిన మామలనూ బావలనూ ఎందరినో చూశాను. తిట్టేదాన్ని, నవ్వేదాన్ని, చివరికి చేతికే వేసేదాన్ని.

వాళ్ళందరిలోకీ మా ఇంటి మామయ్య మరీ మర్యాదస్తుడు. గడప తొక్కే ముందు ఒకసారి దగ్గేవాడు, కోడలు కొంగు సర్దుకోవడానికి. నా చేతిలోంచి మంచినీళ్ళు అందుకునేవాడు కాదు, నేను గ్లాసు అరుగు మీద పెట్టి పక్కకు పోతే అప్పుడు తీసుకునేవాడు. అట్లాగని ప్రేమ లేదనుకునేరు. సాయంత్రం డ్యూటీ దిగే వేళకు వాన పట్టుకుంటే గొడుగుతో దవాఖానాకు వచ్చి, గొడుగు నాకిచ్చి, తాను పది అడుగులు ముందు తడుసుకుంటూ నడిచేవాడు. మా నాన్న కూడా నాకోసం అట్లా తడవలేదు.

ఒక ఏడు వానాకాలం దాటాక ఆ మనిషి మిరపతోటకు నడిచేసరికే ఆయాసపడడం మొదలైంది. దగ్గరికి పోయి చూసే వరస కాదు కనుక దూరం నుంచే గమనించాను, మొహం పాలిపోయింది, చేతిగోళ్ళు తెల్లబడ్డాయి. మా డాక్టరుతో చెప్పి, మా ఆయన చేత బతిమాలించి, దవాఖానాకు రప్పించాను. నెత్తురు ఎక్కడో పోతున్నదని డాక్టరుకు అనుమానం వచ్చి, చేతికి తొడుగు వేసుకుని లోపల వేలితో చూడాలన్నాడు. ఆ మాట చెవిన పడగానే మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని, నమస్కారం పెట్టి, మిరపతోటలో నీళ్ళు పారుతున్నాయని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటికి తోట తడిసి రెండు రోజులైంది.

చివరికి మలపరీక్ష అయినా చేయిద్దామని ఒప్పందానికి వచ్చాం. నేనే ఖాళీ అగ్గిపెట్టె ఒకటి అత్తమ్మకు ఇచ్చాను. మూడు రోజులు ఏమీ రాలేదు, మామయ్య అన్నం దగ్గరినుంచి సగంలోనే లేచిపోతున్నాడు. నాలుగోనాడు పొద్దున నా టిఫిన్ డబ్బా పక్కన ఆకులో చుట్టిన అగ్గిపెట్టె కనపడింది. మందు చుక్కలు వేస్తే నెత్తురున్నచోట నీలం తిరగాలి, తిరగలేదు. నులిపురుగులూ లేవు. నాకు ఎంత సంతోషమో, ఆ రోజు ఇంటికి పోయి మామయ్యకు ఇష్టమని కాకరకాయ వేపుడు చేశాను. డాక్టరు మాత్రం తృప్తి పడలేదు, ఇంకోసారి తెమ్మన్నాడు. ఇంకోసారి అడిగితే ఆయన ప్రాణం తీసుకున్నంత పని చేస్తాడు సార్, వద్దు, అని చెప్పింది నేనే. ఇనుము మాత్రలు ఇచ్చి ఊరుకున్నాం.

పది నెలలు తిరగకుండా కడుపు ఉబ్బి, నోట్లో నీళ్ళు కూడా ఇమడకపోతే జీపు మాట్లాడుకుని వరంగల్ తీసుకుపోయాం. కడుపు కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. పెద్దపేగులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. ఏడాది కింద తీసుకొస్తే ఆ ముక్క కోసి పారేసేవాళ్ళం కదమ్మా అని ఆపరేషను చేసిన పెద్దడాక్టరు నేను నర్సునని తెలిసి నాకొక్కదానికే చెప్పాడు. మిరప కోతకు రాకముందే మామయ్య పోయాడు.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు కదిలిపోయాక, నేనూ అత్తమ్మా పెరట్లో కూర్చుని ఇత్తడి గిన్నెలకు చింతపండు పెట్టి తోముతున్నాం. ఉన్నట్టుండి ఆమె తోమడం ఆపి చెప్పింది.

“ఆ అగ్గిపెట్టెల ఉన్నది మీ మామది కాదు బిడ్డా, నాది. కోడలు చేతులకు అదెట్ల ఇచ్చుడని మూడు దినాలు కుమిలిండు. ఒక్క కంచంల తిన్నోళ్ళం, ఆయనదైతేంది నాదైతేంది అని నేనే పెట్టిచ్చిన.” తల ఎత్తకుండానే అడిగింది. “ఆయనదే ఇస్తే బతికేటోడా?”

అరవాలనిపించింది, ఏడవాలనిపించింది, ఆ గిన్నె ఎత్తి బావిలో వెయ్యాలనిపించింది. కానీ ఆమె మొహం చూశాక నా నోట్లోంచి వచ్చింది ఇది. “లేదత్తమ్మా. పరీక్ష చేసినా ఒకటే, చెయ్యకున్నా ఒకటే. ఆ రోగమే గట్లాంటిది.”

ఆమె నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికి, ఆ పంతొమ్మిదేళ్ళూ గడపలోకి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పింది. ఎవరికి నెత్తురు పడినా, ఎవరికి బరువు తగ్గినా, దవాఖానాకు పోయి ఇజ్జత్ తీసుకోవడం ఎందుకు, చూపించినా ఒకటే చూపించకున్నా ఒకటే, మా కోడలు నర్సే చెప్పింది, అని ధైర్యం చెప్పేది. నేను వంటింట్లో నిలబడి పళ్ళు కొరుక్కునేదాన్ని. కాదని ఒక్క మాట అంటే ఆమె నా కేసి తిరిగి మళ్ళీ అదే ప్రశ్న వేస్తుంది, అప్పుడేం చెప్పాలి? అందుకని ఆమె సాగనంపిన వాళ్ళ ఇళ్ళకు మర్నాడు దొంగలా పోయి, ఆ ముసలామె మాట పట్టించుకోకండి, వచ్చి చూపించుకోండి అని బతిమాలేదాన్ని. కొందరు వచ్చారు. కొందరు అత్త మాట నమ్మాలా కోడలి మాట నమ్మాలా అని నవ్వారు. రాని వాళ్ళలో ఎవరు ఏమయ్యారో నేను ఎక్కువగా ఆరా తియ్యలేదు, ధైర్యం చాలక.

మొన్న ఇక పట్టలేక ఫ్రిజ్ మీది డబ్బా తీసుకొచ్చి మా ఆయన పేపరు మీద పెట్టి, తాగుతావా తాగవా అని వీధి వినేట్టు అరిచాను. ఆయన పిల్లలకు పాఠం చెప్పినంత నింపాదిగా అన్నాడు.

“ఎందుకరుస్తవ్? నువ్వే గద అమ్మకు చెప్పినవ్, పరీక్ష చేసినా ఒకటే చెయ్యకున్నా ఒకటే అని. ఇప్పుడు నన్నెందుకు ఆ గదిల పండవెడ్తవ్?”

ఆయన సాకు చెప్పడం లేదు. నలభై ఏళ్ళుగా ఆ మాట నమ్ముతున్నాడు. నేను చెప్పానని నమ్ముతున్నాడు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. అగ్గిపెట్టె సంగతి ఆయనకు తెలియదు, వరంగల్‌లో పెద్దడాక్టరు అన్న మాటా తెలియదు. అన్నీ చెప్పాను, ఇంకోసారి పరీక్ష వద్దని డాక్టరుతో నేనే అన్న సంగతి కూడా దాచలేదు. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నన్ను తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు.

“నాయిన బతికేటోడని అమ్మకు తెల్వదు గద?” అన్నాడు.

తెలియదన్నాను.

“పోయేదాక తెల్వదా?”

తెలియదన్నాను. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, ఆ పొడి ఎన్ని గ్లాసుల నీళ్ళలో కలపాలో అడిగాడు.

నిన్న తీసుకుపోయాను. ఆ పిల్ల సిస్టరు గుమ్మం దగ్గరే సార్ అని పలకరించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆడపిల్ల ఒకతె తన తండ్రి విరేచనాల సంగతి ఫోనులో అన్నకు బస్సు టైములు చెప్పినంత తేలిగ్గా, కొంచెం గట్టిగానే చెప్తున్నది. మా రోజుల్లో ఈ మాటలకే మనుషులు చచ్చిపోయేవాళ్ళు గదా అనుకున్నాను, విసుగూ వచ్చింది, ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఆ పిల్లకు గొడుగిచ్చి ఎవరూ ముందు తడుస్తూ నడవనక్కరలేదు, ఆమె ఉన్న గడప తొక్కే ముందు ఎవరూ దగ్గనక్కరలేదు. అట్లా దగ్గే మనుషులు ఇప్పుడు లేరు, అప్పుడప్పుడూ గుర్తొస్తారు, అది వేరే సంగతి.

మా ఆయన లోపల రెండు చిన్న బొడిపెలు ఉన్నాయట, అక్కడికక్కడే తీసేసి పరీక్షకు పంపామన్నారు, ఇట్లాంటివి వదిలేస్తేనే ఏళ్ళ మీద ముదురుతాయన్నారు. మొత్తం అరగంట పట్టింది. మత్తు దిగని ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటే నాకు అత్తమ్మ అడిగిన ప్రశ్నే చెవిలో పడుతున్నది. బతికేటోడత్తమ్మా, బహుశా బతికేటోడు. ఇప్పుడు గనక ఆమె వచ్చి, చింతపండు చేతులతో నా ముందు కూర్చుని మళ్ళీ అడిగితే చెప్తానా అంటే, చెప్పను. ఇంత తెలిసీ, ఇంతమందిని తిట్టీ, మళ్ళీ ఆ అబద్ధమే చెప్తాను.