మోటారు ఎంత దించితే అంత మంచిదనుకున్నా

ఇరవై ఏళ్లుగా బోర్లలో మోటార్లు దించుతున్నవాణ్ణి. ఈ రోజు గండికోట జలాశయం దగ్గర ఒకాయన కొత్త స్పీడుబోటుకు మోటారు బిగించమంటే, మోటారంటే మోటారే కదా అని పోయాను. బోరు అలవాటు కొద్దీ, నీళ్లను తోసే ఫ్యాను ఎంత లోతున తిరిగితే అంత మంచిదని, మోటారును బాగా కిందికి దించి బిగించాను. బోటు మూలుగుతూ కదిలింది గానీ పరుగెత్తలేదు.

ఒడ్డున వల అల్లుకుంటున్న దావీదన్న అనే పెద్దాయన చూసి, "శానా కిందికి దించినావప్పా. ఫ్యాను మీదుండే పలక బోటు అడుక్కి సమంగా ఉండాల" అన్నాడు.

"నీ వల సంగతి నువ్వు చూసుకో పెద్దాయనా" అన్నాను, ఒడ్డున చేరిన జనం అందరి ముందూ.

రెండు ఫ్యాన్లు మార్చి చూశాను. లాభం లేకపోయింది. ఆయన అన్నం తినడానికి చెట్టు కిందికి పోయిన సమయం చూసి, మోటారును గుట్టుగా, బోల్టులు బిగించే బెజ్జాల్లో రెండు బెజ్జాలు పైకెత్తాను. ఈసారి బోటు ముక్కు లేపి దూసుకుపోయింది.

"నీ చెయ్యి పడితే అంతేప్పా!" అన్నాడు ఓనరు. నేను దావీదన్న పేరెత్తకుండా స్పానర్లు సర్దుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. చెట్టు కింద నుంచి దావీదన్న కూడా కొట్టాడు, ఎంగిలి చేత్తోనే.

రేపు పొద్దున్నే ఆయన దగ్గరికి పోవాలి. మాట ఎట్లా మొదలుపెట్టాలో మీరే చెప్పండి. ఏ బోరులోనూ నేను ఇంత లోతుకు దిగలేదు.