ఎర్రది కుడికి, నీలిది ఎడమకి

మంగళవారం పొద్దున ఫోన్ మోగేసరికి నేను ఒక పెద్దావిడ చెవిలోకి అచ్చు తీసే మెత్తటి ముద్ద ఎక్కించి, అప్పుడే సిరంజి కింద పెట్టాను. అది గట్టిపడడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా ఆవిడ దవడ కదపకూడదు, నేను పక్కనుంచి కదలకూడదు. ఫోన్ చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. మా అన్న.

"చెల్లె, మామ పోయిండు. భోకర్ తొవ్వల. బండి మీద పోతుండెనట." గొంతు తగ్గించి, "చెవుల నువ్వు జేసిచ్చినవే ఉన్నయట," అని పెట్టేశాడు.

ఆ నాలుగు నిమిషాలు ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు. పెద్దావిడ నోరు కదపలేక, నా మొహం చూసి కళ్ళతోనే ఏమైందని అడుగుతోంది. ఏమీ లేదని తల ఊపాను. నా కళ్ళముందు ఒకటే కనిపిస్తోంది: వెనక లారీ, దాని హారన్, ఆ హారన్ వినపడని మామ.

నాందేడ్‌లో చెవి పరీక్షలు చేసి, వినికిడి మిషన్లకు అచ్చులు పోయడం నా పని. పోయినవాడు మా అమ్మ తమ్ముడు. మా నాందేడ్ జిల్లాలోనే హిమాయత్‌నగర్‌లో ఇల్లు. పత్తి చేలకు మందు కొట్టే పంపులు బాగుచేసేవాడు. ఇవాళ సర్ఖని వైపు అయితే రేపు నాయ్‌గావ్ వైపు, ముప్పై ఏళ్ళు బండి దిగలేదు. అది చాలదన్నట్టు ఏటా శివరాత్రి ముందు నలుగురు దోస్తులతో బండ్ల మీద శ్రీశైలం. తిరిగొచ్చాక రెండు రోజులు చెవుల్లో గుయ్యిమని మోత. మేము గట్టిగా మాట్లాడితేనే వినేవాడు, పైగా "మీరే నోట్ల నోట్ల గొణుగుతున్నరు" అని మమ్మల్నే కసిరేవాడు.

ఒకరోజు లాక్కొచ్చి పరీక్ష గదిలో కూర్చోబెట్టాను. శబ్దం వినపడినప్పుడల్లా బటన్ ఒత్తాలి. అన్నీ ఒత్తాడు. నాకు అనుమానమొచ్చి, ఏ శబ్దమూ పెట్టకుండా ఊరికే మిషన్ వైపు చూశాను. అప్పుడూ ఒత్తాడు.

"మామా, ఇప్పుడేం ఇన్నవు?"

"నువ్వు మిషన్ దిక్కు జూసినవ్ గదా బిడ్డా, సప్పుడు అచ్చుంటదనుకున్న."

కుర్చీ గోడవైపు తిప్పించి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చాలాసేపు చెయ్యి కదల్లేదు. బయటికొచ్చి కాగితం మీద కిందికి జారిన గీతను వేలితో తడుముతూ, "ఉన్నదన్న ఉంటదా, అదీ పోతదా?" అని అడిగాడు. మా మామ మెల్లగా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

బండి చప్పుడు కాదు, హెల్మెట్ లోపల గంటలకొద్దీ సుడి తిరిగే గాలి మోత చెవిని తినేస్తుందని చెప్పాను. ఆ మోతను అడ్డుకునే అచ్చులు చెవులకు పోసిస్తానని, అవి తయారయ్యేదాకా దూది పెట్టుకోమన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. దూది గాలి మోతను పెద్దగా ఆపదు. కానీ అసలు తప్పు అది కాదు. అప్పటికి ఆ ఇంట్లోంచి మా అమ్మమ్మ వెళ్ళిపోయి రెండు నెలలే. చివరిగా ఆమె చెవుల్లో, ముక్కులో దూది పెట్టింది మా అత్తే. అట్లాంటి ఇంట్లో మామ పొద్దున్నే చెవుల్లో తెల్లటి దూది పెట్టుకుని గడప దాటబోయాడు. అత్త అక్కడే కూలబడి ఏడ్చిందట. ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అంది. పడ్డాను. అనాల్సిందే.

అందుకే మామవి మామూలు రంగులో పోయలేదు. కుడిది ఎర్రగా, ఎడమది నీలంగా పోశాను, ఎంత దూరం నుంచి చూసినా దూది అనుకోకూడదని. మోతను తగ్గించి, మాటనూ హారన్‌నూ రానిచ్చే చిన్న జల్లెడలాంటి జాలీ లోపల పెట్టాను. మొదటి జత హెల్మెట్ కింద ఒత్తుకుని, చెవి కందిపోయి వచ్చాడు. "చెవికి తెల్వకుంట ఉండాలె బిడ్డా. పెట్టుకున్నట్టు తెల్సిందంటె బాగలేనట్టే," అన్నాడు. ఇప్పటికీ ప్రతి అచ్చు అంచు అరగదీసేటప్పుడు ఆ మాటే అనుకుంటాను. రెండో జత అంచులు హెల్మెట్‌కు తగలకుండా లోపలికి అరగదీశాను. పెట్టుకుని, మరిచిపోయి, అన్నం తినడానికి కూర్చున్నాడు.

అత్త మాత్రం ఒప్పుకోలేదు. "రేపు హారన్ ఇనవడక ఏమన్నయితె నిన్నే అడుగుత," అంది.

సరే, పరీక్ష పెడదామన్నాను. బైపాస్ మీద మామ బండి, వెనక నేను. మా వెనక ఇంకో బండి మీద అన్న. అన్న తనకు తోచినప్పుడు హారన్ కొట్టాలి, వినపడితే మామ ఎడమ చెయ్యి ఎత్తాలి. మొదటిసారి కొట్టాడు, చెయ్యి లేచింది. రెండోసారీ లేచింది. మూడోసారి ఒక లారీ మమ్మల్ని ఒరుసుకుంటూ దాటుతుండగా కొట్టాడు. చెయ్యి లేవలేదు. మళ్ళీ కొట్టాడు. లేవలేదు. మామ వీపు మీద దబదబ బాదాను. పక్కకు ఆపి, రెండూ తీసి, "ఏందే?" అన్నాడు.

"హారన్ కొట్టిండు! చెయ్యెత్తలేదు నువ్వు!"

"లారీ పక్కకు నూకుతుంటె హ్యాండిల్ ఇడిచి నీకు సలాం జెయ్యాల్నా?"

అందరం నవ్వాం. కానీ ఆ మూడో హారన్ నిజంగా విన్నాడా, లేక బటన్ ఒత్తినట్టే మాట తప్పించాడా, నాకు ఎప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆ ఏడు శ్రీశైలం వెళ్ళొచ్చి, చెవుల్లో మోత లేకుండా నిద్రపోయానని చెప్పినప్పుడూ కుదరలేదు. తన దోస్తులు నలుగురినీ నా దగ్గరికి తోలుకొచ్చినప్పుడూ కుదరలేదు. మంగళవారం హిమాయత్‌నగర్ బస్సులో కూర్చున్నంతసేపూ నా చెవుల్లో ఆ మూడో హారనే మోగుతోంది.

వాకిట్లో మామను పడుకోబెట్టారు. ఒంటి మీద ఒక్క గీత లేదు. గుండె ఆగిందని సర్కారు దవాఖానలో రాసిచ్చారట. అయినా దూరపు చుట్టం ఒకాయన నాకు వినపడేటట్టే, "చెవులు మూసుకొని బండి నడిపితె తల తిరగదా మరి?" అన్నాడు. అత్త తల ఎత్తలేదు. మామ కుడి చెవి ఖాళీగా ఉంది. ఎడమ చెవిలో నీలిది అట్లాగే ఉంది. ఒకటి ఊడిపోయిందని, దాన్ని అందుకోబోతుంటేనే బండి అదుపు తప్పిందని నాకు నేనే తీర్పు రాసుకున్నాను.

అప్పుడు ఒకాయన మామ బండి తోలుకుని వచ్చాడు. భోకర్ దారిలో చాయ్ హోటల్ ఆయన. జేబులోంచి సున్నం డబ్బీ తీసి అత్త ముందు పెట్టాడు. అందులో ఎర్రది.

మామకు ఒక అలవాటుండేది, ఇది మీకు ముందే చెప్పాల్సింది. బండి ఆపగానే హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, మొదట ఎర్రది, తర్వాత నీలిది తీసి ఆ డబ్బీలో పెట్టేవాడు. రెండూ తీసేదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మాట్లాడబోతే వేలు చూపించి ఆగమనేవాడు. "మనిషి మాట నిండుగ ఇనాలె," అనేవాడు.

"బండి మంచిగనే ఆపిండు," అన్నాడు హోటలాయన. "స్టాండ్ ఏసిండు. టోపీ అద్దానికి పెట్టిండు. గిది తీసి డబ్బీల ఏసిండు. మొఖమంత చెమట. నేను ఉరికి, క్యా హువా భాయ్ అన్న. గిట్ల," అని వేలెత్తి చూపించాడు, "ఆగుమన్నడు. చెయ్యి చెవు దాక పోయింది. గంతే, కూసున్నకాడనే ఒరిగిండు."

అత్త లేచి మామ తల దగ్గర కూర్చుంది. ఎన్నడూ ముట్టుకోని ఆ నీలిదాన్ని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి తీసింది, నేను తీసినంత ఒడుపుగా. కొంగుతో తుడిచి డబ్బీలో ఎర్రదాని పక్కన పెట్టింది. అప్పటికే పెద్దాయన ఒకరు దూది ఉండలు చేసుకుని వంగాడు.

"జెర ఆగుండ్రి," అంది అత్త, వేలు చూపించి.

ఆ ఖాళీ చెవి మీదకు వంగి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మాకు వినపడలేదు. చాలాసేపు చెప్పింది. దూది పట్టుకున్న పెద్దాయన, ఆమె చెప్పడం అయ్యేదాకా, అట్లాగే నిలబడ్డాడు.