ఊతకర్ర మీద సూదక్క చేసిన పరీక్ష

సూదక్క గురించి టైర్ల షాపు దగ్గర రెండు మాటలు తిరుగుతున్నాయి. ఆటలో ఎవరూ ముట్టని తుపాకీ పట్టుకుని, అదృష్టం కలిసొచ్చి జట్టును గెలిపించేసిందని ఒకటి. కెప్టెన్ సొంత మరిది కాబట్టి ఆమెను తీసెయ్యలేక ఊరుకున్నాడని ఇంకొకటి. రెండూ తప్పే. ఆ జట్టు గెలవనే లేదు, రెండో స్థానంలో వచ్చింది. ఇక మరిది సంగతంటారా, ఆమెను తీసెయ్యడానికి అతను చెయ్యని ప్రయత్నం లేదు.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆ వీధిలో ఆమె సూది పడని చెయ్యి లేదు, అందుకే సూదక్క. అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో. పొద్దున ఆరున్నరకి ల్యాబు తలుపు తీస్తుంది. బయట పరగడుపున వచ్చినవాళ్ళు విసుక్కుంటూ నిలబడి ఉంటారు. అయినా సరే, ముందు ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీస్తుంది. అందులో ఉన్నదాని జవాబు సీసా మీదే రాసి ఉంటుంది. దాన్ని మిషన్‌లో పెట్టి, మిషన్ కూడా అదే అంకె చెబితేనే ఆ రోజు దాని మాట నమ్ముతుంది. లేకపోతే ఎంత పెద్దమనిషైనా బెంచీ మీద కూర్చోవాల్సిందే. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

మూడింటికి డ్యూటీ దిగి మరిది సెల్‌ఫోన్ రిపేరు షాపు వెనక గదికి వెళుతుంది. విప్పిన ఫోన్లు, స్క్రూలు పోసిన మూతలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మరిది, అతని భార్య, పక్క సెలూన్ అతను, సూదక్క, ఈ నలుగురే జట్టు. ఫోన్లలో తుపాకుల ఆట. పాడుబడ్డ ఫ్యాక్టరీలో ఇటు నలుగురు, అటు నలుగురు కాల్చుకుంటారు. అందరి చేతిలోనూ ఒకటే తుపాకీ. టకటకమని ఆగకుండా పేలుతుంది కాబట్టి దాన్ని కుట్టుమిషన్ అంటారు. ఇంకో రైఫిల్ ఉంది. పొడుగ్గా, సన్నగా, నొక్కినప్పుడల్లా ఒక్కటంటే ఒక్క గుండు వదులుతుంది. దానికి ఊతకర్ర అని పేరు పెట్టి, ఎక్కడైనా నేల మీద కనిపిస్తే దాటుకుని పోతారు. ఏ తుపాకీ ఎంత బాగా పనిచేసిందో ఆట తయారుచేసినవాళ్ళు ప్రతి నెలా వేసే పట్టికలో అది అట్టడుగున ఉంటుంది.

ఒకరోజు గుండ్లు అయిపోయి, గతిలేక సూదక్క దాన్ని ఎత్తుకుంది. ఫ్యాక్టరీ పెరటి అవతల ఉన్న ముగ్గుర్ని మూడు గుండ్లతో పడగొట్టింది. షాపులో అందరూ పడీపడీ నవ్వారు. అదృష్టమన్నారు. సూదక్క మాత్రం నవ్వలేదు. ల్యాబులో ఊహించని అంకె వస్తే అదృష్టమని అవతల పారెయ్యరు, మళ్ళీ పరీక్ష చేస్తారు. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఆ చుట్టుపక్కల షాపులవాళ్ళంతా కలిసి పోటీ పెట్టుకున్నది అప్పుడే. ఎవరు ఏ తుపాకీ పడతారో పోటీకి ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం కాగితం మీద రాసివ్వాలి, తర్వాత మార్చుకోవడానికి లేదు. పోటీకి పద్దెనిమిది రోజులుందనగా సూదక్క ఊతకర్ర రాస్తానంది. మరిది చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

"వదినా, నీకు దణ్ణం పెడతా. సరదాగా ఆడుకునేటప్పుడు ఊతకర్ర కాదు, చీపురు పట్టుకో, నేనేమైనా అంటానా? ఇది పోటీ. దాన్నే పట్టుకుంటానంటే చెప్పు, టైర్ల షాపు అతన్ని తీసుకుంటాను."

"తీసుకో. కానీ ఆ శుక్రవారం దాకా నా పేరు కొట్టెయ్యకు. అది పనికిరాదని తేలితే నేనే తప్పుకుంటా."

నాలుగేళ్ళుగా ఆ గదిలో ఆమెదంటూ ఒక కుర్చీ ఉంది. పొద్దుటినుంచి ఏడుపులు, మూలుగులు విన్న మనిషికి ఆ రెండు గంటలే ఊపిరి. దాన్ని పణంగా పెట్టేసి, నోట్‌బుక్ ఒకటి తీసుకొచ్చుకుంది.

మొదటివారం పప్పులో కాలేసింది. ఆటలో సాధన చేసుకోవడానికి ఒక మైదానం ఉంది, అక్కడ చెక్కబొమ్మలు కదలకుండా నిలబడి ఉంటాయి. వాటి మీద ఊతకర్ర అద్భుతంగా పనిచేసింది. ఆ ధీమాతో నిజం ఆటలోకి దిగి పద్నాలుగింట్లో పదకొండు ఓడింది. సెలూన్ అతను కత్తెర ఆడిస్తూనే సంతాపం తెలిపాడు. ఇంట్లో భర్త కూడా, పోనీలే, టైర్లవాడికీ ఒక అవకాశం ఇవ్వమని నచ్చజెప్పబోయాడు. ఆమె అన్నం కలుపుకుంటూ ఒకటే ఆలోచిస్తోంది. ఓడింది తుపాకీయా, తన చెయ్యా?

మర్నాడు పొద్దున సీసా మిషన్‌లో పెడుతుంటే ఆమెకే సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళుగా ముందు మిషన్‌ను పరీక్షించే మనిషి, ఇక్కడ తన చేతిని పరీక్షించుకోకుండానే తుపాకీకి మార్కులు వేసింది. ఇక ఆ రోజునుంచి లెక్క మార్చింది. ముందు తనకు బాగా అలవాటైన కుట్టుమిషన్‌తో ఒక ఆట. అందులో ఎప్పుడూ వచ్చేటన్ని పాయింట్లు వస్తేనే ఆ రోజు పరీక్ష, లేకపోతే నోట్‌బుక్ మూసెయ్యడమే. ఆ తర్వాత ఒకటి దీనితో, ఒకటి దానితో, మార్చి మార్చి. ప్రతి కాల్పుకీ ఎదుటివాడు గదిలో ఉన్నాడా, పెరటి అవతల ఉన్నాడా అని కూడా రాసుకుంది. చిరాకులో ఓడిన ఆటలు వదిలేద్దామనిపించినా వదల్లేదు.

తోడికోడలు మాత్రం మెత్తబడింది. "అక్కా, నేను వేరేవాళ్ళ ఆటలు చూసిపెడతా, నువ్వు రాసుకో," అంటూ పక్కన చేరింది. ఇద్దరూ ముప్ఫై ఆటలు చూశారు. ఊతకర్రను ఎత్తుకున్నవాళ్ళలో దాదాపు అందరూ అప్పటికే గుండ్లు అయిపోయి, సగం చచ్చినవాళ్ళే. చేతికి రాగానే పోవడం, పట్టికలో తుపాకీకి చెడ్డపేరు రావడం. ఆస్పత్రిలో మంచం పట్టినవాళ్ళ రక్తం ఒక్కటే చూసి ఊరంతా జబ్బే అన్నట్టుంది ఇది అని సూదక్క అంటే, తోడికోడలు టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది.

శుక్రవారం వచ్చింది. టైర్ల షాపు అతను తల దువ్వుకుని మరీ వచ్చి కూర్చున్నాడు, అప్పుడే తన కుర్చీ అయినట్టు. సూదక్క నోట్‌బుక్ బల్ల మీద పెట్టి, ముందు చెడ్డమాటే చెప్పింది. గది లోపల ఎదురుపడితే ఊతకర్ర దండగ. పదమూడుసార్లు ఎదురుపడితే బతికింది రెండుసార్లే. మరిది కాగితం మీద టైర్ల అతని పేరు రాయడానికి పెన్ను తీశాడు.

"పేజీ తిప్పు," అంది సూదక్క.

తిప్పాడు. పెరటి అవతల ఉన్నవాడి మీద కుట్టుమిషన్‌తో ఇరవై నాలుగుసార్లకు తొమ్మిది, ఊతకర్రతో ఇరవై నాలుగుసార్లకు పంతొమ్మిది. మరిది ఆ అంకెలు వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఇన్ని ఓటములు రాసుకున్న మనిషి గెలుపులు మాత్రం అబద్ధం ఎందుకు రాస్తుందని సెలూన్ అతను గొణిగాడు. అయినా మరిది ఒప్పుకోలేదు. పెరటి అవతలకి కాల్చడానికి ఫ్యాక్టరీ మేడమీద కిటికీలో కూర్చుంటే, మెట్లెక్కి వచ్చినవాణ్ణి ఏం చేస్తావని నిలదీశాడు.

"నేనేం చెయ్యలేను. మెట్ల దగ్గర ఇంకొకళ్ళు ఉండాలి. ఉంచుతావా, నన్ను లేవమంటావా?"

 సెలూన్ అతను గొంతు సవరించుకున్నాడు. "మెట్లు నేను చూసుకుంటాలే, అక్కా. నిన్ను వెక్కిరించినందుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా." మరిది పళ్ళు కొరుకుతూ ఊతకర్ర అని రాశాడు. టైర్ల షాపు అతను అప్పుడు లేచి వెళ్ళి బయట మొదలుపెట్టిందే మీరు విన్న ఆ మరిది మాట. అదృష్టం మాట పోటీ అయ్యాక దానికి చేర్చాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడు జట్లు వాళ్ళ చేతిలో ఓడాయి. ఆఖరి ఆటలో మాత్రం సెలూన్ అతను మెట్ల మీద ఇద్దర్ని ఆపి మూడోవాడి చేతిలో పోయాడు. ఆ మూడోవాడు గదిలోకి దూసుకొచ్చాడు. సూదక్క కర్ర ఎత్తింది, ఒక గుండు వదిలింది, తగల్లేదు. అంతే. ఆమె వెంటనే నోట్‌బుక్ తీసి, గదిలో పద్నాలుగుకి రెండు అని దిద్దుకుంది. మరిది అది చూసి, వచ్చే నెల పోటీకి మెట్ల దగ్గర ఇద్దర్ని పెడతానన్నాడు. కిటికీ ఎవరిదో అడగలేదు.

మీలో ఆ ఆట ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట. ఆమె లెక్క ఒక్క చేతిది, ఒక్క ఫోనుది. మీరూ ఆ ఊతకర్ర తీసి చూడండి. ముందు అలవాటైన తుపాకీతో మీ చెయ్యి ఎలా ఉందో చూసుకోండి, తర్వాత మార్చి మార్చి ఇరవై ఆటలు ఆడండి, ఓడినవి దాచుకోకండి. మీకు వేరే అంకె వస్తే, ల్యాబుకి వెళ్ళి ఆమెకే చెప్పండి. కోప్పడదు, కూర్చోబెట్టి నోట్‌బుక్ తీస్తుంది.