మూలలు మడిచిన నోటు పుస్తకం

కార్తీక మాసం ఇంకో వారంలో అయిపోతుందనగా, ఒక పొద్దున షాపు షట్టరు సగం ఎత్తేసరికి ఫోను మోగింది. రాజోలు నుంచి టీచరుగారి అమ్మాయి. "అమ్మ వెళ్ళిపోయిందండీ. కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చుందంటండీ, అంతే. పక్కింటివాళ్ళు చూసేరు. నేను బయల్దేరేను, మీరు కాస్త ముందు వెళ్ళి ఉంటారా?" అంది. "ఆయ్, వెళ్తానండీ" అని షట్టరు మళ్ళీ దించేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆవిడని చాప మీదకి మార్చారు. స్టూలు మీద గ్లాసు అలాగే ఉంది, కాఫీ మీద మీగడ కట్టి. ఆ గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మన చలికాలపు సినిమా పండుగకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆవిడ గొంతు తెలుసు, మొహం తెలియదు. కల్యాణ మండపంలో ఆఖరి వరస వెనక, భోజనాల హాలు తలుపు పక్కన, ఒక చిన్న బల్ల, దాని మీద మైకు ఉండేవి. తెర మీద ఏ దేశం వాళ్ళు మాట్లాడుకున్నా, కింద ఇంగ్లీషులో పడే మాటల్ని ఆ చీకట్లో కూర్చుని తెలుగులో చెప్పింది ఆవిడే. మూడేళ్ళు చెప్పారు. పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకుని, ఆవిడ నోటు పుస్తకం పేజీలు తిప్పింది నేను.

మన పండుగ కమిటీ కార్యదర్శిగారు ఈ ఏటి సంచికకి టీచరుగారి మీద ఒక పేజీ రాయమన్నారు. ఒక పేజీలో అయ్యేలా లేదు. సంచిక టైపు చేసేదీ నేనే కాబట్టి కాస్త చోటు నేనే తీసుకుంటున్నాను. మెచ్చుకోలు మాటలు రాయడం తేలికే. నేను చెప్పవలసింది వేరే ఉంది, అది చెప్పడానికే ఇంత ఆలస్యం చేశాను.

బస్టాండు దగ్గర మాది జిరాక్సు, టైపింగు షాపు. టీచరుగారు హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పారు, నన్ను రెండుసార్లు బెంచీ కూడా ఎక్కించారు. రిటైరయ్యాక ఏటా పెన్షను కాగితాల జిరాక్సుకి వచ్చేవారు. అలా వచ్చినప్పుడే, మన పండుగ మొదటి కరపత్రం నా కంప్యూటరు మీద చూశారు. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మండపం ఖాళీగా దొరుకుతుందని, మూడు రోజులు మంచి సినిమాలు వేద్దామని కమిటీవారు అనుకున్న ఏడు అది.

"ఇంగ్లీషు అక్షరాలు రానివాళ్ళ మాటేంటమ్మా? బొమ్మలు చూసి ఇంటికెళ్ళిపోవాలా?" అన్నారు.

"నాకేం తెలుసండీ, నేను టైపు చేస్తున్నానంతే."

"టైపు చేసేదానివి అడగొద్దూ? పద, అడుగుదాం."

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని కార్యదర్శిగారింటికి వెళ్ళారు. ఆవిడకి మైకు దొరికింది. నాకు మెడలో వేసుకునే 'వాలంటీరు' బ్యాడ్జీ దొరికింది. ఇంటరుతో చదువు ఆగిపోయి, షాపూ ఇల్లూ తప్ప ఇంకోటి తెలియని మనిషిని నేను. ఆ బ్యాడ్జీని ఇస్త్రీ చీరల మధ్య దాచుకునేదాన్ని. నవ్వితే నవ్వండి.

ఆవిడ పని చేసే పద్ధతి మీకు చెప్పాలి. పండుగకి నెల ముందు నుంచీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక బేరాలు లేని వేళ షాపుకి వచ్చేవారు. ఒక్కో సినిమా మూడుసార్లు చూసేవారు. "ఆపు. వెనక్కి. ఇంకొంచెం వెనక్కి" అని నా ప్రాణం తీసేవారు. పొడుగు నోటు పుస్తకంలో నీలం సిరాతో రాసేవారు. ఒక్క మాట ఎక్కువ పడనిచ్చేవారు కాదు. ఒక సినిమాలో వాళ్ళు రొట్టె తింటుంటే, మనవాళ్ళకి తెలిసేట్టు దిబ్బరొట్టె అందామా అన్నాను. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూశారు. "వాళ్ళు తినేది వాళ్ళని తిననీ. మనం వడ్డించకూడదు" అన్నారు.

ఎవరైనా ఏడ్చే చోట అసలేమీ రాసేవారు కాదు. ఏడుస్తూ ఏదో అంటున్నా సరే, నాలుగైదు గీతలు ఖాళీగా వదిలేసేవారు. "ఏడుపుకి తెలుగు అక్కర్లేదమ్మా. మనం నోరు మూసుక్కూచోవాలి." ఇంకో మాట కూడా అనేవారు: "జనం తెర వైపు చూస్తూ ఉండాలి. మన వైపు తిరిగేరంటే మనం తప్పు చేసేమన్నమాటే."

సినిమా మొదలయ్యే ముందు, మైకులో చప్పుడవకుండా గాజులు తీసి, చేతిరుమాల్లో మూటగట్టి నా ఒళ్ళో పెట్టేవారు. ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. మెరూన్ రంగు స్వెట్టరు, కాళ్ళకి సాక్సులు, వాటి మీదే చెప్పులు. బండారులంక నుంచి ఒక మామ్మగారు మూడు రోజులూ ఆటో కట్టించుకుని వచ్చి, సరిగ్గా ఆవిడ ముందు కుర్చీలో కూర్చునేవారు. చదువు రాని నేతమనిషి. "టీచరమ్మగారు చెబుతుంటే నాకు వాళ్ళ భాష వచ్చేసినట్టే ఉంటాదండీ" అనేవారు.

ఇక నా తప్పు.

మూడో ఏడు ఆఖరి రోజు మధ్యాహ్నం ఆట. చలిదేశం సినిమా, ముసలి పడవవాడూ ఆయన కూతురూ. నేను పేజీ తిప్పాలి, అదొక్కటే నా పని. నేనేమో తెర మీద ఆ పిల్ల మొహం చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాను. చూడకుండా తిప్పాను. రెండు కాగితాలు కలిసి వెళ్ళిపోయాయి. తెర మీద కూతురు మాట్లాడుతోంది, పుస్తకంలో ఇంకెక్కడిదో మాట ఉంది. టీచరుగారు ఒక్క క్షణం ఆగారు. నేను కంగారులో వెనక్కి తిప్పబోయి ఇంకో రెండు ముందుకి తిప్పాను. ఆవిడ పుస్తకం మీంచి తలెత్తేసి, తెర చూస్తూ, గుర్తున్నంత మేర చెప్పుకుపోయారు.

పడవ అమ్మేద్దాం నాన్నా అంటుంది కూతురు. ఆ తర్వాత తండ్రి చాలాసేపు తెర నిండా ఉంటాడు. అక్కడ, పుస్తకం చేతిలో లేని టీచరుగారి నోట ఒక మాట వచ్చింది. "అమ్మేయమ్మా. ఎక్కేవాడికి ఇవ్వు. కట్టెలకి మాత్రం ఇవ్వకు."

ముందు కుర్చీలో మామ్మగారు పమిట నోట్లో కుక్కుకున్నారు. ఆ ఏడే వాళ్ళింట్లో మగ్గం అమ్మేశారు. ఆట అయ్యాక టీచరుగారి రెండు చేతులూ పట్టుకుని, "మగ్గం విప్పేటప్పుడు మా ఇంటాయన కూడా అదే అన్నారండీ" అన్నారు.

తర్వాత చర్చ. ఆ రోజు అతిథిగా పెద్ద ఊరి నుంచి ఒకాయన వచ్చారు, సినిమాలు బాగా తెలిసినాయన. మైకు తీసుకుని, "ఆ సీనులో తండ్రి మాట్లాడనే మాట్లాడడండీ. ఆ మౌనమే ఈ సినిమాకి ప్రాణం. చెప్పినావిడెవరో సొంత డైలాగు పెట్టేశారు" అన్నారు. మండపం అంతా వెనక్కి తిరిగి మా బల్ల వైపు చూసింది. ఒక్క మాట ఎక్కువ రాయని మనిషిని పట్టుకుని సొంత డైలాగు అన్నారు.

నేను లేచి, "పేజీలు నేను తప్పు తిప్పేనండీ" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. రెండో వరసలో మా ఆయనా, ఆడపడుచులూ కూర్చున్నారు. మెడలో బ్యాడ్జీ ఉంది. దాన్ని గుప్పిట్లో మూసుకుని కూర్చుండిపోయాను.

టీచరుగారు లేచారు. "ఆయ్, పొరపాటు నాదేనండీ. కళ్ళు మసకేసి, పేజీ తప్పేనండీ" అన్నారు.

బయటికొచ్చాక, "టీచరుగారండీ, అదీ..." అని మొదలుపెట్టాను. గాజులు తొడుక్కుంటూ, "గొంతు నొప్పిగా ఉందమ్మా, తర్వాత మాట్లాడుకుందాం. ఆటో ఉందేమో చూడు" అన్నారు. ఆటో చూసి ఎక్కించాను. ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ ఎదురుపడినప్పుడల్లా వేరే ఏదో మాట్లాడాను.

నిరుడు కార్తీకంలో ఆవిడ షాపుకి రాలేదు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, సినిమాలు పెన్‌డ్రైవులో వేసి పంపు, ఇంట్లో టీవీకి పెట్టుకు చూస్తానని కబురు చేశారు. పంపాను. పదిహేను రోజులకి కమిటీవారు ఆవిడింటికి వెళ్ళారు, నన్నూ రమ్మన్నారు. తెర మీదే తెలుగు అక్షరాలు వేయిస్తున్నామని, ఇక మీ కళ్ళకి శ్రమ ఉండదండీ అని, ఎంతో మర్యాదగా శాలువా కప్పారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆవిడ చెప్పిన మాటే వాళ్ళు నమ్మారు. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేను. ఫొటోలో కూడా ఉన్నాను. పళ్ళెంలో బత్తాయిలున్నాయి. టీచరుగారు ఒక్కసారి నా వైపు చూసి, "ఆయ్, అలాగేనండీ, మంచిదండీ" అన్నారు కార్యదర్శిగారితో. అప్పుడైనా చెప్పవలసింది. ఆవిడ ఎదురుచూశారేమో కూడా. ఇప్పుడు ఎవరిని అడగను?

నిరుడు పండుగకి ఆవిడ మామూలు ప్రేక్షకురాలిగా వచ్చారు. అదే స్వెట్టరు. బండారులంక మామ్మగారి పక్కన కూర్చున్నారు. మామ్మగారు తెర చూసి, "అక్షరాలు పరిగెట్టేస్తన్నాయండీ, ఏం చెబుతున్నారండీ వాళ్ళు?" అన్నారు. టీచరుగారు చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలకి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి ష్ అన్నారు. ఆవిడ వెంటనే ఆపేశారు. ఇంకాసేపటికి లేచి, నేను నిలబడ్డ తలుపు దగ్గరికొచ్చారు.

"వెళ్ళిపోతున్నారేంటండీ?"

"చలిగా ఉందమ్మా" అన్నారు.

ఇదీ ఆవిడ పట్ల నేను చేసింది. ఆవిడ కళ్ళకి ఏ మసకా లేదు. ఆవిడ ఏ మాటా కావాలని కల్పించలేదు. పేజీలు తప్పు తిప్పింది నేను. ఆ రోజు మండపంలో ఉన్నవాళ్ళందరూ ఇది చదవాలని కోరుకుంటున్నాను. అచ్చువేసే ముందు కార్యదర్శిగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఒక్క ముక్క అప్పుడు చెప్పొద్దాండీ?" అన్నారు. చెప్పాలండీ, అన్నాను.

పదకొండో రోజయ్యాక టీచరుగారి అమ్మాయి ఒక సంచీతో షాపుకి వచ్చింది. "అమ్మ పుస్తకాలండీ. మీ దగ్గరుంటే బావుంటుందనిపించింది." మూడేళ్ళ నోటు పుస్తకాలూ ఉన్నాయి. నా వేళ్ళ మరకలతో సహా గుర్తుపట్టాను. వాటి కింద నాకు తెలియని పుస్తకం ఇంకోటి ఉంది. తెరిచి చూశాను. నిరుటి పండుగలో మొదటి సినిమా. మొదటి నుంచి చివరి దాకా మొత్తం రాసి ఉంది, గీత తప్పకుండా, చీమల్లాంటి అక్షరాలతో. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, ఆవిడే రాసుకున్నారు. శాలువా వచ్చేసరికి పుస్తకం తయారుగా ఉంది.

పాత పుస్తకాల్లో ఎక్కడా లేనిది ఒకటి ఇందులో ఉంది. ప్రతి కాగితానికీ కింద కుడి మూల పైకి మడిచి ఉంది. ఒక్కొక్కటీ గోటితో నొక్కి, ఒకే కొలతలో. చీకట్లో వేలు పెడితే ఒక్క కాగితమే లేచేలాగా. ఆ మూలలు ఆవిడ కోసం కాదు. పేజీలు ఆవిడెప్పుడూ తిప్పుకోలేదు. మళ్ళీ నేనే పక్కన కూర్చుంటానని ఆవిడ అనుకున్నారు. షాపులో మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

ఈసారి మూడో రోజు పొద్దున, ఆ పుస్తకంలో ఉన్న సినిమా మళ్ళీ వేయమని కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు. ఆఖరి రెండు వరసలూ అక్షరాలు అందనివాళ్ళకి. వాళ్ళకి నేను చదివి వినిపిస్తాను, మైకు వద్దన్నాను. మామ్మగారికి కబురు పంపాను, వస్తానన్నారు. వచ్చినవాళ్ళు ముందు వరసల్లో కూర్చుని, వెనక నుంచి గొంతు వినబడితే దయచేసి కాస్త ఓర్చుకోండి.

రోజూ మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, సినిమా పెట్టుకుని ఆ పుస్తకం పైకి చదువుకుంటున్నాను. ఆవిడలా రాదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. నిన్న సినిమా చివరికి వచ్చాను. తెర మీద ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. పుస్తకంలో చూస్తే, అక్కడ టీచరుగారు ఏమీ రాయలేదు. ఖాళీ గీతలు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ ఏడుపు అయ్యేదాకా, మడిచి ఉంచిన మూల కింద వేలు పెట్టుకుని, అలాగే కూర్చున్నాను.