తోడేలు చావుకి నా తెలుగు వ్యాఖ్యానం

ఆ రోజుల్లో నా నోటికి మూత ఉండేది కాదు. నలుగురు కూర్చున్న చోట ఎవర్నీ నవ్వించకుండా లేచి వస్తే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఇంజనీరింగు హాస్టల్లో ఇంగ్లీషు సినిమాల శబ్దం ఆపేసి, తెరమీది దొరలందరి చేతా తెలుగులో తిట్టించి, వార్డెన్‌గారి చీవాట్లూ జూనియర్ల చప్పట్లూ సమానంగా సంపాదించినవాణ్ణి. ఉద్యోగం వచ్చి సింగపూర్లో దిగాక ఆ విద్య చూపించుకునే చోటు లేక చాలా ఇబ్బంది పడ్డాను. ఆఫీసులో నా జోకులకి నేనొక్కణ్ణే నవ్వేవాణ్ణి. (లోపం నా ఇంగ్లీషులో ఉందో, జోకుల్లోనే ఉందో ఇప్పటికీ తేలలేదు.) గది దొరికేదాకా అని సెంగ్‌కాంగ్‌లో మా పిన్ని వాళ్ళ ఫ్లాట్లో దిగి, గది దొరికినా కదలకుండా పిన్ని వంట తింటూ కూర్చున్నాను. ఇది అక్కడ ఉండగా జరిగిన సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు పిన్ని అత్తగారు తణుకు నుంచి వచ్చి ఉన్నారు. నేను మామ్మగారనే పిలిచేవాణ్ణి. మనవరాలితో తనివితీరా కబుర్లు చెప్పుకోవాలని ఆవిడ ఆశ. ఆ మనవరాలు చిట్టి తొమ్మిదేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. తెలుగు వింటే తెలుస్తుంది గానీ నోటికి రాదు. "అన్నం తిన్నావా బంగారం?" అని మామ్మగారు అడిగితే "ఈట్ ఆల్రెడీ లా" అంటూ గదిలోకి పోయేది. (ఆ 'లా' ఈ ఊరి ఇంగ్లీషుకి తోక.) "బళ్ళో ఇవాళ ఏం చెప్పారే?" అంటే "నథింగ్". పోనీ అని రాముడి కథ ఎత్తుకుంటే "ఐ నో దిస్ స్టోరీ" అనేసేది. పొగరేమీ కాదు, పాపం దానికి అంతకన్నా ఏమనాలో తెలిసేది కాదు. ఆ పిల్లకి ఉన్నదల్లా ఒకటే పిచ్చి, లైబ్రరీ నుంచి మాటిమాటికీ తెచ్చుకునే ఓ పాత బొమ్మల సినిమా. ఇటుకంత లావున్న ఓ ఇంగ్లీషు మాయామంత్రాల నవలని ఏనాడో బొమ్మలన్నీ చేత్తో గీసి తీశారట. పడవవాడి కూతురు ఆరిపోని దీపాన్ని ఎక్కడో కొండమీదికి చేర్చాలి. ఆమెకి తోడు ఓ ముసలి మాంత్రికుడు, మాట్లాడే తోడేలు ఒకటి. ఆ తోడేలు దారిలో చచ్చిపోతుంది. చిట్టి ప్రతిసారీ అక్కడ వెక్కివెక్కి ఏడ్చేది. ఏడవడానికే మళ్ళీ పెట్టుకునేదేమో కూడా. మామ్మగారు పక్కన కూర్చుని తెర వంక కాకుండా మనవరాలి ముఖం వంక చూస్తూ ఉండేవారు.

నెలకోసారి తెలుగు కుటుంబాలవాళ్ళం తలో వంటకం వండుకుని ఒకచోట కలుసుకునేవాళ్ళం. ఆ నెల సెరంగూన్‌లో, బాబాయి స్నేహితుడి కాండో అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాల్లో. పిల్లలు కాళ్ళకి అడ్డం పడకుండా చిట్టి సినిమాని పెద్ద తెరమీద వేద్దామన్నారు. మరి ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఏం చూస్తారు? పిన్నికి నా పాత విద్య గుర్తొచ్చింది.

"ఒరేయ్, హాస్టల్లో ఏదో చేసేవాడివిగా. పక్కన నిలబడి వాళ్ళకి తెలుగులో చెప్పరాదూ?"

కోతికి కొబ్బరికాయ దొరికింది. ఆ శనివారం రైల్లో వెళుతుంటే మామ్మగారు పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"నాయనా, వచ్చే వారం ఆదివారం నా ప్రయాణం. ఈలోగా దాంతో కూర్చుని నాలుగు మాటలు మాట్టాడాలని ఉంది. నా కథలు అది వినదు, దాని కథ నాకు తెలీదు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు, నేను మనసులో పెట్టుకుంటాను. ఏం?"

"మీకెందుకు మామ్మగారూ, నేను చూసుకుంటాగా" అన్నాను. అప్పటికి ఆ సినిమా నేను చూసింది అరకొరగా, అదీ ఫోను నొక్కుకుంటూ.

హాల్లోకి వెళ్ళగానే మామ్మగారు ముందు వరసలో ఓ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తన చోటు ఖాయం చేసుకున్నారు. (ఈ ఊళ్ళో హోటళ్ళలో జనం బల్లలు 'చోప్' చేసుకునే పద్ధతి ఆవిడకి తెగ నచ్చింది.) సినిమా మొదలైంది. శబ్దం తగ్గించారు, నా చేతికి మైకు ఇచ్చారు. మొదటి పది నిమిషాలూ బుద్ధిగానే చెప్పాను. తర్వాత ముసలి మాంత్రికుడు చెయ్యెత్తి ఏదో అన్నాడు. వాడి చేత నాటకాల ఫక్కీలో "ఓరీ దురాత్మా!" అనిపించి రాగం తీశాను. వెనక వరసలో ఓ తాతయ్య "శభాష్!" అన్నారు. అంతే, ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. పడవవాడి కూతురు మంగళగిరి చీర అడిగింది. తోడేలు భీమవరం యాసలో బేరాలాడింది. పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పకోడీలు వేయిస్తున్న ఆడవాళ్ళు కూడా పొయ్యి తగ్గించి వచ్చి నిలబడ్డారు.

అప్పుడొచ్చింది తోడేలు చావు. తెరమీద మంచు కురుస్తోంది, పడవవాడి కూతురు ఒళ్ళో తోడేలు తల పెట్టుకుంది. ఆ పిల్లేదో అంటోంది. నేను తోడేలు గొంతు వణికించి, "అమ్మాయ్, ఆఖరి కోరిక... రవ్వంత గోంగూర పచ్చడి... ఉల్లిపాయ మరిచిపోకేం..." అన్నాను. హాలు దద్దరిల్లింది. ముందు నేలమీద పిల్లలతో కూర్చున్న చిట్టి వెనక్కి తిరిగి నా వంక చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. తెరలో మునిగి నా మాటలేవీ చెవిన పెట్టలేదేమో, అందరూ ఎందుకు నవ్వుతున్నారో దానికి తెలియలేదు. నేనేమో ఆ పిల్ల కూడా నా ప్రతిభకి కరిగిపోయిందనుకుని ఇంకో ముద్ద కలిపాను.

ఇంకాసేపటికి, తెరమీద పిల్లా మాంత్రికుడూ ఓ గుట్టమీద నిలబడి దూరంగా నల్లకొండ వంక చూస్తుండగా సినిమా అయిపోయింది. అయిపోవడమంటే ఆగిపోవడమే. మిగతా సగం తియ్యలేదట. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు, నాకే తెలియదు. వాళ్ళు ఐస్‌క్రీమ్ కోసం బయటికి పరిగెత్తారు. పెద్దవాళ్ళు మాత్రం కదల్లేదు.

"తర్వాతేమైంది నాయనా?" అన్నారు మామ్మగారు.

తెలియదని ఒక్క మాట అంటే పోయేది. మైకు చేతిలో ఉండగా తెలియదనడం నాకు చేతకాదు. "తర్వాతేముంది! ఆ తోడేలు నిజానికి గంధర్వుడు. శాపం తీరి లేచి కూర్చున్నాడు. కొండమీద దీపం పెట్టారు, అక్కడే పెళ్ళి చేసుకున్నారు" అన్నాను. చప్పట్లు మోగాయి. మామ్మగారు చేతులు జోడించి "పోన్లే తండ్రీ, బతికింది" అని కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్న పిన్ని పెసరట్లు వేస్తోంది. చిట్టి పక్క కుర్చీ లాక్కుని మామ్మగారు కూర్చున్నారు. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఉన్నారు.

"చిట్టితల్లీ, నీ తోడేలు కథ నాకు తెలుసే!"

చిట్టి చెంచా కింద పెట్టేసింది. "రియల్లీ? యూ నో?" ఆ ఇంట్లో ఆ పిల్ల మామ్మ వంక అలా తిరిగి కూర్చోవడం నేనదే మొదటిసారి చూడటం.

"ఆఁ! పాపం దానికి గోంగూరంటే ప్రాణం. ఆ మంచులో ఎక్కడ దొరుకుతుందో ఏమిటో! అయితేనేం, గంధర్వుడు కదా, శాపం తీరి లేచాడు. పెళ్ళి కూడా చేసుకున్నాడు."

చిట్టి ముందు తెల్లబోయింది. తర్వాత పకపకా నవ్వింది. "గోంగూర? నో లా మామ్మా! వుల్ఫ్ డైడ్ ఆల్రెడీ! నో పెళ్ళి! యూ డోంట్ నో ఎనీథింగ్!"

మామ్మగారికి ఇంగ్లీషు రాకపోయినా ఆ నవ్వు అర్థమైంది. నా వైపు తిరిగి, "అలా కాదా నాయనా?" అన్నారు. "సినిమావాళ్ళే సగంలో ఆపేశారు పిన్నీ" అని గొణిగాను. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది పిన్ని. మామ్మగారే అడ్డుపడ్డారు. "పోన్లేవే, అందరూ నవ్వారుగా" అని తన పళ్ళెం తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయారు. పెసరట్టు సగం అలాగే ఉంది. ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే ఆ పూట నేను తల ఎత్తగలిగేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళి ఆ ఇటుకంత నవలని కొన్నాను. వారమంతా రైల్లో నిలబడి, మధ్యాహ్నం భోజనం మానేసి చదివాను. మామ్మగారికి మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు చెప్పాలని ప్రతిజ్ఞ. శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడి, పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. చిట్టి గది తలుపు ఓరగా తీసి ఉంది.

"కాదు మామ్మా! తోడేలు చచ్చింది. ఆ అమ్మాయి కోసం. 'డార్క్' అంటే ఏంటి?"

"చీకటి తల్లీ."

"ఆఁ, చీకటి. చాలా చీకటి. దీపం పోతుంది. సో తోడేలు... ముందు వెళ్ళింది."

"పారిపోవచ్చు కదే, పిచ్చి మొహంది?"

"పారిపోదు లా! ఫ్రెండ్ కదా!"

తన తోడేలుకి ఎవరో గోంగూర తినిపించి పెళ్ళి చేసేశారన్న కోపంతో, ఆ పిల్ల వెతుక్కుని వెతుక్కుని తెలుగు మాటలు పట్టుకొస్తోంది. మామ్మగారు మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "మామ్మగారూ, అసలు పుస్తకం తెచ్చాను. మిగతా సగం కూడా ఇందులో..." అన్నాను.

చిట్టి తల తిప్పకుండానే, "అన్నయ్యా, యూ గో మకాన్ ఫస్ట్ లా. డోర్ క్లోజ్ చెయ్" అంది. వెళ్ళి అన్నం తినమని. తలుపు దగ్గరగా వేసి, వెళ్ళి తిన్నాను.

ఆదివారం చాంగీ విమానాశ్రయంలో పెట్టెలు తూకం వేయించాక, నేను మామ్మగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, "ఆ రోజు మిమ్మల్ని నవ్వులపాలు చేశాను, క్షమించండి" అన్నాను.

"నిజం చెప్పనా అబ్బాయ్, నీ కథే బాగుంది. అది చచ్చిపోవడం నాకేం నచ్చలేదు" అన్నారావిడ. ఆగి, చిట్టి వంక చూసుకుని, "కానీ నేను మంచి కథ చెప్పమన్నానా నాయనా? దాని కథ చెప్పమన్నాను" అన్నారు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి, యీషున్‌లో సొంత ఫ్లాటు, ఇంట్లో నా జోకులకి నవ్వని ఇద్దరు పిల్లలు. నెలనెలా కలుస్తూనే ఉన్నాం. ఎవరైనా మైకు ఇవ్వబోతే గొంతు బాగోలేదంటాను. అప్పటి నన్ను తలుచుకుంటే కోపం పోయి ఇప్పుడు కాస్త నవ్వే వస్తోంది. చప్పట్ల మత్తులో, సెరంగూన్ నుంచి తిరిగొస్తూ రైల్లో ఎంత మురిసిపోయాడో ఆ కుర్రాడు! పక్క సీట్లో మామ్మగారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. "గోంగూర... గంధర్వుడు... పెళ్ళి..." అని మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నారు. ఆ కుర్రాడు అది విన్నాడు కూడా. విని, తన మాటలు ఆవిడకి ఎంతగా నచ్చాయో అని పొంగిపోయాడు.