గొంతు లేని చదువు

మొన్న హిందూపురంలో ధర్మవరం పోయే రైలెక్కితే, ఎదురు సీట్లో ఇద్దరు ఆడపిల్లలు బొరుగులు తింటూ వాదులాడుకుంటున్నారు, డిగ్రీ కష్టమా, పీజీ కష్టమా అని. "పీజీలో ఏముండాది మే, రెండేండ్లే గదా!" అన్నది ఒకామె. అచ్చం మా చిన్నాయన మాట. పెనుకొండ దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

రొద్దం దగ్గర చిన్నాయనకు భూములుండేవి, బోర్లుండేవి, నలుగురిలో మాట చెల్లేది. చదువును మాత్రం ఆయన చెవులతో కొలిచేవాడు. కూతురు, నాకు చెల్లెలు వరసయ్యే పిల్ల, హిందూపురంలో బీయస్సీ చదివే రోజుల్లో, పొద్దున్నే మిద్దె మీద గట్టిగా పాఠాలు వల్లె వేసేది. ఆయన కింద ఆవులకు మేత వేస్తూ వినేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా గొంతు కాస్త తగ్గితే చాలు, "ఏం పాపా, నిద్రపోతాండావా?" అని కేక. వీధిలో పోయేవాళ్ళను ఆపి మరీ వినిపించేవాడు. మా చెల్లెలు ఫస్టుక్లాసులో పాసయితే, ఆ ఘనత తన చెవులదే అన్నట్టు తిరిగాడు. మూడేండ్లది గెలిచినామెకు రెండేండ్లది ఒక లెక్కా అనుకొని అనంతపురానికి ఎమ్మెస్సీ లెక్కలకు పంపాడు.

ఆఖరి పరీక్షల ముందు సెలవుల్లో ఇంటికొచ్చిన ఆ పిల్ల, ఒకే లెక్క ముందు పెట్టుకొని పొద్దంతా గోడకేసి చూస్తూ కూర్చునేది. డిగ్రీలో పుస్తకంలో ఉన్నది రాస్తే సరిపోయేదట. ఇక్కడ పుస్తకం మూసినాకే అసలు పని మొదలవుతుందట. ఆ మాట నాతో అన్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన సంతోషం, విలేకరిగా ఎన్ని ఫలితాల రోజులు చూసినా నాకు మళ్ళీ కనిపించలేదు. చిన్నాయనకు కనపడింది మాత్రం ఊరికే కూర్చున్న కూతురు. "గొంతే లేస్తాలేదు. యాడ సదువుతాండాది?"

ఒక ఆదివారం పెనుకొండ నుంచి ఆమె మేనమామను పిలిపించాడు. డిగ్రీ పిల్లలకు ట్యూషన్లు చెప్పే మనిషి. వసారాలో చుట్టాలందరి ముందు కూతుర్ని నిలబెట్టి, "నేర్చుకునింది మీ మామకు సెప్పు. సెప్తే పరీక్షకు పో, ల్యాకుంటే ఈడే ఉండు" అన్నాడు.

ఆమె ఒక లెక్క వివరించబోయి, మధ్యలో ఆగి ఆలోచించింది. ఆ ఆగడానికే అందరూ నవ్వారు. "పెట్రోలయిపాయప్పా!" అన్నారెవరో. ఆమెకు భయమేసింది. కళ్ళు మూసుకొని, మిద్దె మీది పాత గొంతుతో గడగడా అప్పజెప్పసాగింది. చిన్నాయన మొహం వెలిగిపోయింది. మేనమామ వక్క నములుతూ అంతా విని, "బావా, ఇది డిగ్రీ రెండో ఏడు పాఠం. నేను దినామూ సెప్పేదే" అన్నాడు.

"అంటే ఈ రెండేండ్లూ ఏమీ నేర్చుకోల్యా" అన్నాడు చిన్నాయన.

మేనమామ కాఫీ అడిగాడు.

పరీక్ష రోజు మేమంతా చేనిలో చెనిక్కాయ పెరుకుతున్నాం. ఆమె ఫోను చిన్నాయన జేబులో ఉంది. "టైమెంతన్నా?" అని నన్నడిగింది. ఒంటిగంట అన్నాను.

"పరీక్ష అయిపోయి పేపర్లు తీసుకునింటారు" అని ఇంకో చెట్టు పెరికింది.

గట్టు మీద నుంచి చిన్నాయన నవ్వాడు. "సూడు పాపా, కష్టమంటే ఇదీ!"

ఎన్నో ఏండ్లు గడిచాయి గానీ, నాకు ఆ మధ్యాహ్నం ఒంటిగంట దాటి ముందుకు పోలేదు.